లిఫ్ట్ క్యాబినెట్‌లో పెట్టడానికి టీవీ కొంటున్నారా? ఆఫర్ల సీజన్‌కి ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా నుంచి దీపావళి దాకా టీవీల మీద ఆఫర్లు జోరుగా ఉంటాయి. కొత్త ఫ్లాట్‌కి ఇంటీరియర్ పని చేయిస్తున్నవాళ్లు కూడా పండగలోపే అంతా పూర్తవ్వాలని తొందరపడతారు. మోటార్ లిఫ్ట్ క్యాబినెట్ చేయించుకునేవాళ్లకి ఈ రెండు తొందరలూ కలిస్తే ఇబ్బందే. గోడకు తగిలించే టీవీ అయితే రెండంగుళాలు అటూ ఇటూ అయినా సర్దుకుపోవచ్చు. రిమోట్ నొక్కగానే చెక్కపెట్టెలోంచి పైకి లేచి, పని అయ్యాక లోపలికి దిగిపోయే టీవీకి ఆ వెసులుబాటు ఉండదు. ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా మూత సరిగ్గా కూర్చోదు, లేదంటే స్క్రీన్ అంచు చెక్కకి రాసుకుంటుంది. అప్పుడు పెట్టె విప్పించాలి, లేదా టీవీ మార్చాలి. రెండూ ఖర్చే.

అందుకని పనుల వరస తప్పకూడదు. ముందు టీవీ మోడల్ కాగితం మీద ఖాయం చేసుకోండి. దాని కొలతలు, బరువు చూసి లిఫ్ట్ ఎంచుకోండి. లిఫ్ట్ డ్రాయింగ్ చేతికొచ్చాకే కార్పెంటర్‌ని ప్లైవుడ్ కోయమనండి. చాలా ఇళ్లలో మాత్రం “55 అంగుళాల టీవీకి పెట్టె కావాలి” అని ముందే చెప్పేసి, పెట్టె తయారయ్యాక ఆఫర్‌లో ఏది చవకగా దొరికితే అది తెస్తున్నారు. 55 అంగుళాలన్నది స్క్రీన్ మూల నుంచి మూలకి కొలత మాత్రమే. ఆ టీవీ ఎంత ఎత్తు, వెనక ఎంత ఉబ్బు, బిగించే రంధ్రాలు ఎక్కడున్నాయి అన్న సంగతులేవీ ఆ అంకెలో లేవు.

ఇంటీరియర్ పనికి రెండు మూడు నెలలు పడితే ఈలోగా మీరు అనుకున్న మోడల్ స్టాక్ అయిపోవచ్చు. ఒకే సైజులో నచ్చిన మూడు మోడళ్లు రాసి పెట్టుకుని, ప్రతి కొలతలోనూ మూడింటిలో పెద్దదానికి సరిపోయేలా పెట్టె గీయించండి. ముందే కొనేసి దాచుకోవడం నాకు నచ్చదు. పనులు జరిగే ఇంట్లో దుమ్ము, రంగులు, నిచ్చెనలు ఉంటాయి. పైగా డబ్బా తెరవకుండా ఉంచితే, లోపల ప్యానెల్ పగిలి ఉన్నా రిటర్న్ గడువు దాటిపోయాక గానీ తెలియదు.

పెద్ద టీవీ కావాలా అన్నది ముందు తేల్చుకోండి

సైజు దగ్గర చాలామందికి తట్టని లెక్క ఒకటుంది. టీవీ మొత్తం పెట్టెలో దాక్కోవాలంటే పెట్టె దానికంటే ఎత్తుగా ఉండాలి. పైకి లేచినప్పుడు టీవీ మొత్తం ఆ పెట్టె మీదుగా బయటికి రావాలి. అంటే టీవీ సైజు పెరిగితే రెండు వైపుల నుంచీ ఎత్తు పెరుగుతుంది: పెట్టె ఎత్తూ, దాని మీద స్క్రీన్ ఎత్తూ.

అంకెల్లో చూద్దాం. 43 అంగుళాల టీవీ స్టాండ్ లేకుండా దాదాపు 56 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 50 అంగుళాలది 65, 55 అంగుళాలది 71, 65 అంగుళాలది 83 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. పెట్టెకి కింద స్కర్టింగ్, అడుగు పలక, టీవీ కింద ఖాళీ, పైన మూత మందం, అన్నీ కలిపి ఇంకో 20 సెంటీమీటర్లు వేసుకోండి. 43 అంగుళాల టీవీకి పెట్టె 76 సెంటీమీటర్లు అవుతుంది, పైకి లేచాక స్క్రీన్ మధ్యభాగం నేల నుంచి 107 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తు సుమారు 100 నుంచి 110 సెంటీమీటర్లు కాబట్టి ఇది చక్కగా కుదురుతుంది. 50 అంగుళాలకి మధ్యభాగం 120కి పోతుంది. 55కి 130, 65కి దాదాపు 147. అంటే 65 అంగుళాల టీవీని హాల్లో లిఫ్ట్ క్యాబినెట్‌లో పెడితే రెండున్నర గంటల సినిమా మొత్తం తల ఎత్తి చూడాలి. మెడనొప్పి ఉన్న పెద్దవాళ్లకి అది చాలా కష్టం.

బెడ్‌రూమ్‌లో మంచం కాళ్లవైపు పెట్టేదైతే కొంత నయం. దిండుకి ఆనుకుని వెనక్కి వాలి చూస్తాం కాబట్టి 120, 130 కూడా ఇబ్బంది పెట్టదు. నా మాట అడిగితే హాల్లో లిఫ్ట్‌కి 43 లేదా 50, బెడ్‌రూమ్‌లో 55 దాటొద్దు. ఇంకా పెద్దది కావాలంటే గోడకి పెట్టుకోవడమే మేలు. సొంత ఇల్లు కడుతున్నవాళ్లు ప్లాన్ దశలోనే నేలలో గుంట వదిలించుకుని పెట్టెని కొంత కిందికి దింపవచ్చు. ఫ్లాట్‌లో స్లాబ్ జోలికి పోకూడదు.

ఈ లెక్కతోనే లిఫ్ట్ ఎంత దూరం లేవాలో కూడా తేలుతుంది. టీవీ ఎత్తుకి మరో 8, 10 సెంటీమీటర్లు కలపండి. 55 అంగుళాల టీవీకి 80 సెంటీమీటర్లు లేచే లిఫ్ట్ కావాలి. 70 దగ్గర ఆగిపోయే లిఫ్ట్ తెస్తే స్క్రీన్ అడుగు భాగం పెట్టెలోనే ఉండిపోతుంది. చాలా టీవీల స్పీకర్లు కిందివైపే ఉంటాయి కాబట్టి మాటలు కూడా పెట్టెలో నుంచి వచ్చినట్టు బొంగురుగా వినిపిస్తాయి. లిఫ్ట్ పూర్తిగా ముడుచుకున్నప్పుడు ఎంత ఎత్తు ఉంటుందో కూడా అడగండి. అదీ పెట్టెలో పట్టాలిగా.

కొలతల్లో ఏవి చూడాలి

కంపెనీ వెబ్‌సైట్‌లో ఒక్కో మోడల్‌కీ స్టాండ్‌తో ఒక కొలత, స్టాండ్ లేకుండా ఒక కొలత ఇస్తారు. మీకు కావాల్సింది రెండోది. వెడల్పులో రెండు పక్కలా మూడేసి సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. 55 అంగుళాల టీవీ దాదాపు 123 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి పెట్టె లోపలి వెడల్పు 129కి తగ్గకూడదు.

మందం దగ్గర ప్రకటనలు చూసి మోసపోవద్దు. “ఇంత సన్నం” అని చూపించేది పై అంచు. ఓఎల్ఈడీ టీవీల్లో పైభాగం పలక అంత పలచగా ఉన్నా, సర్క్యూట్లు, స్పీకర్లు ఉండే కింది భాగం నాలుగైదు సెంటీమీటర్లు ఉబ్బుగా ఉంటుంది. అత్యంత మందంగా ఉన్నచోట కొలతే లెక్కలోకి తీసుకోండి. దానికి బ్రాకెట్ మందం, లిఫ్ట్ స్తంభం మందం, ముందువైపు రెండు సెంటీమీటర్ల ఖాళీ కలిపితే లోపలి లోతు చాలావరకు 28, 30 సెంటీమీటర్ల దాకా వస్తుంది. వంపు తిరిగిన స్క్రీన్లు లిఫ్ట్‌కి వద్దు.

అన్నిటికంటే ఎక్కువగా తప్పు జరిగేది వెనక బిగించే రంధ్రాల దగ్గర. వీటినే వెసా రంధ్రాలంటారు. 200 × 200 అంటే రంధ్రాల మధ్య అడ్డంగా 200, నిలువుగా 200 మిల్లీమీటర్ల దూరం. ఈ అంకె లిఫ్ట్ బ్రాకెట్‌కి సరిపోతే చాలనుకుంటారు. కానీ ఆ రంధ్రాలు టీవీ అడుగు అంచు నుంచి ఎంత పైన ఉన్నాయన్నది అంతకంటే ముఖ్యం. ఒకే సైజు టీవీల్లో కూడా కొన్నింటికి మధ్యలో ఉంటాయి, కొన్నింటికి బాగా కిందికి ఉంటాయి. బ్రాకెట్ ఒకేచోట ఉండి రంధ్రాలు పది సెంటీమీటర్లు కిందికి ఉంటే, టీవీ ఆ పది సెంటీమీటర్లు పైకి జరిగి మూతకి తగులుతుంది. రంధ్రాలు పైకి ఉంటే అడుగు పలకని గుద్దుకుంటుంది. ఈ కొలత కంపెనీ పేజీలో కనిపించకపోతే షోరూమ్‌కి టేపు తీసుకెళ్లి, డిస్‌ప్లే టీవీ వెనక కొలిచి ఫోటో తీసుకోండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అదే ఫోటోలో హెచ్‌డీఎంఐ సాకెట్లు ఎటు తిరిగి ఉన్నాయో కూడా చూడండి. పక్కకి ఉంటే మంచిది. నేరుగా వెనక్కి ఉంటే పెట్టిన ప్రతి పిన్నూ నాలుగైదు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చి లిఫ్ట్ స్తంభానికో, వెనక పలకకో తగులుతుంది.

బరువు విషయంలో లిఫ్ట్ మీద రాసిన అంకె మొత్తం మోతకి వర్తిస్తుంది: టీవీ, బ్రాకెట్, టీవీతోపాటు లేచే మూత, సౌండ్‌బార్ ఉంటే అదీ. మన దగ్గర మూత మీద గ్రానైట్ వేయిద్దామన్న కోరిక ఒకటి ఉంటుంది. 130 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూత 18 ఎంఎం ప్లైవుడ్‌తో అయిదు కిలోలు కూడా రాదు. అదే మందం గ్రానైట్ అయితే 19 కిలోలు. మామూలు 55 అంగుళాల టీవీ కంటే ఎక్కువ బరువు మూతదే అవుతుంది. రాయి ముచ్చట కావాలంటే కదలని భాగాల మీద వేయించండి. లేచే మూతకి లామినేట్ చాలు. మొత్తం బరువు లిఫ్ట్ సామర్థ్యంలో నాలుగింట మూడు వంతులు దాటకుండా చూసుకుంటే మోటార్‌కి శ్రమ ఉండదు, తర్వాత టీవీ మార్చినా లిఫ్ట్ పనికొస్తుంది.

మూత, పిల్లలు, బొమ్మల కొలువు

మూతలు రెండు రకాలు. టీవీ నెత్తిన కూర్చుని దానితోపాటు లేచేది ఒకటి, వెనక కబ్జాలతో తెరుచుకునేది ఇంకొకటి. పిల్లలున్న ఇంట్లో ఏ రకమైనా, దిగేటప్పుడు మూతకీ పెట్టెకీ మధ్య వేళ్లు పడే ప్రమాదం ఉంటుంది. ఏదైనా అడ్డం తగిలితే వెంటనే ఆగి వెనక్కి మళ్లే లిఫ్టే కొనండి. షాపులో వట్టి మాటగా నమ్మకుండా, దిగుతున్నప్పుడు మధ్యలో ఒక థర్మాకోల్ ముక్క పెట్టి చూపించమనండి. రిమోట్ పిల్లలకి అందేచోట పెట్టొద్దు, ఫోన్‌లో యాప్ ఉంటే గదిలో మనిషి లేకుండా నొక్కొద్దు.

మూసి ఉన్నప్పుడు ఆ పెట్టె పైభాగం ఇంట్లో అందరికీ ఖాళీ బల్లలాగే కనిపిస్తుంది. పూలకుండీ, ఫోటో ఫ్రేములు, దీపావళికి ప్రమిదలు, సంక్రాంతికి బొమ్మల కొలువు, అన్నీ అక్కడికే చేరతాయి. ఎవరో మర్చిపోయి బటన్ నొక్కితే కబ్జాల మూత వాటన్నిటినీ కిందపడేస్తుంది. ప్రమిదలుంటే అది పగిలిన బొమ్మలతో పోదు. పండగ రోజుల్లో లిఫ్ట్ ప్లగ్ తీసేసి ఉంచండి. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకి, పనిలో సాయానికి వచ్చే ఆవిడకి కూడా చెప్పండి.

పైకి లేచిన టీవీ వల్ల పెట్టె బరువు పైకి మారుతుంది. మంచం కాళ్లవైపు గోడ ఆసరా లేకుండా నిలబెట్టే పెట్టెని నేలకి బోల్టులతో బిగించాలి. గోడ పక్కన ఉన్నదైతే గోడకి. టీవీ అంచు పట్టుకుని వేలాడే వయసు పిల్లలుంటే ఇది వాయిదా వేసే పని కాదు.

వేడి, వైర్లు, వానాకాలం

టీవీ ఆపిన వెంటనే లోపలికి దించేయకుండా అయిదు పది నిమిషాలు పైనే ఉండనివ్వండి. పెట్టె వెనక కిందా పైనా గాలి కంతలు పెట్టించి, వాటికి సన్నని జాలీ బిగించండి. జాలీ లేకపోతే చీకటిగా, వెచ్చగా ఉండే ఆ పెట్టెలోకి బొద్దింకలు, బల్లులు వెంటనే కాపురం వస్తాయి. ఎలుకలొస్తే వైర్లు కొరికేస్తాయి.

ఓఎల్ఈడీ కొనేవాళ్లకి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త. కొన్ని గంటలు చూసి రిమోట్‌తో ఆపాక ఆ టీవీలు స్టాండ్‌బైలో తమంతట తాము ప్యానెల్‌ని సరిచేసుకుంటాయి. స్క్రీన్ మీద మచ్చలు పడకుండా కాపాడేది ఆ పనే. టీవీ దిగగానే కరెంటు కట్ అయ్యేలా ఎలక్ట్రీషియన్ వైరింగ్ చేస్తే ఆ పని ఎప్పటికీ జరగదు. టీవీ ప్లగ్ పాయింట్‌కి కరెంటు ఎప్పుడూ ఉండాలి.

వైర్లు టీవీతోపాటు లేస్తాయి కాబట్టి లిఫ్ట్ లేచేంత పొడవు అదనంగా ఉండాలి, ఆ అదనం ఎక్కడా చిక్కుకోకుండా ప్లాస్టిక్ కేబుల్ చైన్‌లో నడవాలి. మెత్తగా వంగే హెచ్‌డీఎంఐ కేబుల్, కుదిరితే 3 మీటర్లలోపు తీసుకోండి. సెట్‌టాప్ బాక్స్‌ని మూసిన అరలో పెడితే మామూలు రిమోట్ పనిచేయదు. బ్లూటూత్ రిమోట్ ఉన్న బాక్స్ అయినా ఉండాలి, లేదా సిగ్నల్‌ని లోపలికి చేర్చే ఐఆర్ ఎక్స్‌టెండర్ అయినా వేయించాలి.

చెక్క సంగతికొస్తే, వానాకాలంలో ఉబ్బే సరుకు వాడితే ఎండాకాలంలో సాఫీగా తిరిగిన మూత జులైలో పట్టేస్తుంది. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు దీనికి వద్దు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఐఎస్ 710 ముద్ర ఉన్న, అంటే తేమని తట్టుకునే మెరైన్ రకం ప్లైవుడ్ వేయించి, కోసిన అంచులన్నీ బ్యాండింగ్‌తో మూయించండి. మూత చుట్టూ 3, 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. అందం కోసం కార్పెంటర్ ఆ సందు తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు. వానల్లో వారం పది రోజులు ఊరెళ్లి వస్తే, రాగానే టీవీని పైకి లేపి కాసేపు ఆరనిచ్చాకే ఆన్ చేయండి.

లిఫ్ట్ మధ్యలో ఉండగా కరెంటు పోతే టీవీ ఉన్నచోటే నిలిచిపోవాలి, జారకూడదు. కొనేటప్పుడే నడుస్తున్న లిఫ్ట్ ప్లగ్ తీసి చూపించమని అడగండి. కరెంటు వచ్చాక కొన్ని లిఫ్ట్‌లని పూర్తిగా కిందికి దించి రీసెట్ చేయాల్సి ఉంటుంది, ఆ పద్ధతి రాయించుకోండి. కంట్రోల్ బాక్స్ దగ్గరికి చెయ్యి వెళ్లేలా వెనక చిన్న తలుపు తప్పనిసరి. అది లేకుండా వెనక పలకకి మేకులు కొట్టేస్తే, ఫ్యూజ్ మార్చడానికి కూడా పెట్టె బద్దలుకొట్టాలి.

టీవీ ఇంటికొచ్చిన రోజు

డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి. టీవీని ముందు దాని స్టాండ్ మీదే నిలబెట్టి ఆన్ చేసి, ప్యానెల్ బాగుందని తేలాకే లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. కంపెనీ నుంచి వచ్చే టెక్నీషియన్ గోడకి బిగిస్తాడు గానీ బయటి లిఫ్ట్‌కి బిగించనని అనవచ్చు. కాబట్టి లిఫ్ట్ అమ్మినవాళ్ల మనిషిని కూడా అదే రోజుకి పిలిపించుకోండి. టీవీని పడుకోబెట్టకుండా నిలువుగానే, ఇద్దరు మనుషులు అడుగు అంచు పట్టుకుని మోయాలి. బ్రాకెట్ స్క్రూలు టీవీ కంపెనీ చెప్పిన సైజూ పొడవూ మించకూడదు. పొడవు ఎక్కువైతే ప్యానెల్ లోపల తగిలి పాడవుతుంది.

బిగించాక మొదటిసారి లేపేటప్పుడు ఒకరు రిమోట్ దగ్గర, ఒకరు వెనక టార్చ్‌తో ఉండి వైర్లు ఎక్కడైనా బిగుసుకుంటున్నాయేమో చూడాలి. పదిసార్లు లేపి దించి, అంతా సాఫీగా ఉంటేనే మిగిలిన డబ్బు ఇవ్వండి. స్టాండ్ కాళ్లు, వాటి స్క్రూలు, డబ్బాలోని థర్మాకోల్ వారంటీ అయ్యేదాకా అటక మీద దాచండి. ప్యానెల్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే సురక్షితంగా వెళ్లేది వాటిలోనే.