పాత చైన్ సా కొనేముందు సైలెన్సర్ విప్పి చూడండి
సెకండ్ హ్యాండ్ చైన్ సా (చెట్లు కోసే పెట్రోల్ రంపం) చూడ్డానికి వెళ్తే ముందు ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లారాకే చూస్తామనండి. అసలు సంగతి పిస్టన్‌లో ఉంటుంది. ప్లగ్ క్యాప్ పీకేసి, సైలెన్సర్ బోల్టులు విప్పి, స్టార్ట్ చేసే తాడు మెల్లగా లాగుతూ ఆ కంతలోకి సెల్‌ఫోన్ లైటు వేస్తే పిస్టన్ పక్కభాగం కనిపిస్తుంది. నున్నగా ఉంటే సరే, నిలువు గీతలుంటే చాలావరకు పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ సరిగా కలపకుండా నడిపినట్టే, ఎంత తక్కువకిచ్చినా వద్దు. యాక్సిలరేటర్ నొక్కగానే ఆగిపోతుంటే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, ఎక్కువసార్లు అది కార్బొరేటర్‌లో మురికో, ట్యాంకులో ఫిల్టరో, పగిలిన పెట్రోల్ పైపో. యాక్సిలరేటర్ వదిలేశాక చైన్ తిరగకూడదు, ఐడిల్ స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజన్ వేగం సెట్ చేసేది) తగ్గించినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగులు మెకానిక్‌కి చూపించండి. తిరిగే చైన్‌ని టక్కున ఆపే చైన్ బ్రేక్ పట్టకపోతే బాగుచేయించేదాకా చెట్టు దగ్గరికే తీసుకెళ్లొద్దు.