కారు వేడెక్కితే ముందు ఫ్యాన్ చూడండి

ఒంగోలు ట్రాఫిక్‌లో మా పాత కారు టెంపరేచర్ ముల్లు పైకి ఎగబాకేది, హైవే ఎక్కగానే దిగిపోయేది. సగం సంగతి అక్కడే తెలిసిపోయింది: వేగంలో గాలి తగిలి రేడియేటర్ చల్లబడుతోంది, ఆగితే ఫ్యాన్ తిరగడం లేదు. వాటర్ పంప్ మార్చాలన్నాడు మెకానిక్. నాకు నమ్మకం కుదరలేదు. ఏసీ వేస్తే తిరగాల్సిన ఫ్యాన్ అప్పుడూ కదల్లేదు. ఫ్యూజ్ బాగానే ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు ఇస్తే గిర్రున తిరిగింది, అంటే మోటార్ మంచిదే. ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్ లాంటి రిలే పీకి చూద్దును కదా, పిన్నులకు పచ్చగా చిలుము! కొత్తపట్నం సముద్రతీరపు ఉప్పుగాలి మహిమ అనుకుంటా. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, సాకెట్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, అదే రేటింగ్ ఉన్న కొత్త రిలే పెట్టా. రోహిణి కార్తె ఎండల్లోనూ ముల్లు సగం దాటలేదు. రేడియేటర్‌లో తగ్గిన కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారాకే పోశా. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలుతుంది.