వానల ముందు రంపపు బల్ల: మోటారు తిరగనప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపునా, సరిహద్దు దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపునా కొట్లు పెట్టుకున్న తెలుగు వడ్రంగులకు జూన్ నుంచి నవంబరు దాకా రెండు రకాల వానలు ఎదురవుతాయి. ముందు వచ్చేది నైరుతి ముసురు, వెనక వచ్చేది బంగాళాఖాతం తుపాను. ముసురు రోజుల్లో చెమ్మ మెల్లగా మోటారులోకీ స్విచ్చులోకీ చేరుతుంది. తుపాను రోజున కరెంటు పోతే అది మళ్లీ ఎప్పుడు వస్తుందో, ఎంత ఓల్టేజీతో వస్తుందో ఎవరూ చెప్పలేరు. స్విచ్చు నొక్కినా బ్లేడు కదలకపోవడం ఈ కాలంలోనే ఎక్కువ. కదలని యంత్రం దగ్గర భయం ఉండదు కాబట్టి బ్లేడు మీదికి చెయ్యి వెళ్లేది కూడా అప్పుడే.

అందువల్ల మరమ్మతు కన్నా ముందు చెప్పుకోవలసింది ప్లగ్గు సంగతి. బల్ల తిరగలేదంటే మొదట స్విచ్చు ఆపాలి, తర్వాత సాకెట్టు నుంచి ప్లగ్గు ఊడదీయాలి, ఆ తర్వాతే బ్లేడు వైపు చూడాలి. స్విచ్చు ఒక్కటే ఆపి పనిలోకి దిగడం చాలదు, ఎందుకంటే పొట్టు పేరుకున్న స్విచ్చు ఆపినట్టు కనిపించినా లోపల కాంటాక్టులు అతుక్కుపోయి ఉండవచ్చు. ఇద్దరు పనిచేసే కొట్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒకరు బల్ల కిందికి వంగి బెల్టు సర్దుతుంటే, గోడ దగ్గర నిలబడ్డ కుర్రవాడు "మామా, వెయ్యమంటావా?" అని అడిగి, జవాబు సరిగా వినిపించకుండానే స్విచ్చు వేసేస్తాడు. ఎవరి చెయ్యి బ్లేడు దగ్గర ఉందో ప్లగ్గు వారి కళ్లెదుటే ఉండాలి, దాన్ని తిరిగి పెట్టేది కూడా వారే కావాలి.

కరెంటు పోయినప్పుడు తనంతట తాను ఆఫ్ అయిపోయి, మళ్లీ నొక్కితే తప్ప లేవని నో-వోల్ట్ స్విచ్చులు కొత్త బల్లలకు వస్తున్నాయి. మన కొట్లలో చాలా చోట్ల మామూలు స్విచ్చే ఉంటుంది. మరికొన్ని చోట్ల కరెంటుతో నడిచే చేతి రంపాన్ని తలకిందులుగా బల్లకు బిగించి, దాని ట్రిగ్గరును తీగతోనో ప్లాస్టిక్ ట్యాగుతోనో కట్టేసి వాడుతున్నారు. నా దృష్టిలో ఈ ఏర్పాటు వానాకాలానికి ఎంతమాత్రం పనికిరాదు. కోత మధ్యలో కరెంటు పోయి, చెక్క బ్లేడులో ఇరుక్కుని, దాన్ని లాగుతున్న క్షణంలో కరెంటు వస్తే ఆ రంపం ఎవరి అనుమతీ అడగదు. నో-వోల్ట్ స్విచ్చు పెట్టించుకోవడానికి అయ్యే ఖర్చు ఒక మంచి బ్లేడు ధరకు అటూ ఇటూగా ఉంటుంది. అది పెట్టించేదాకా, కరెంటు పోయిన వెంటనే చెక్కను వదిలి ముందు ప్లగ్గు తీసే అలవాటు చేసుకోవాలి.

మేలో, ఎండ ఉండగానే, బల్లను ఒకసారి పూర్తిగా శుభ్రం చేసుకోవడం మంచిది. పొడి పొట్టు ఊదితే పోతుంది కాని, చెమ్మ తగిలిన పొట్టు గట్టిపడి మోటారు ఫ్యాను కవరును మూసేస్తుంది. పచ్చి పనస కోసేవారికి ఈ బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ పాల జిగురుతో కలిసిన పొట్టు స్విచ్చు బటను చుట్టూ పట్టి, నొక్కినప్పుడు బటను లోపలికి పూర్తిగా దిగదు. స్విచ్చు పెట్టె మూత తీసి చూస్తే కందిరీగల మట్టిగూడో చీమల పుట్టో కనిపించడం కూడా కొత్త కాదు. కేబులును మొదటి నుంచి చివరి దాకా వేళ్లతో తడిమి, ఎలుక కొరికిన చోటు ఉంటే టేపు చుట్టి సరిపెట్టకుండా ఆ కేబులునే మార్చాలి. పోత ఇనుప బల్లకు మైనం పూస్తే తుప్పు పట్టదు. మోటారు నేలకు ఆనుకుని ఉంటే రెండు ఇటుకల ఎత్తయినా లేపాలి. ఎర్త్ తీగ నిజంగా ఎర్త్‌కు చేరుతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి కారితే లైనును దానంతటదే ఆపేసే స్విచ్చు) పెట్టించుకోవాలి. రేకుల షెడ్డులో తడి నేల మీద నిలబడి పనిచేసేవారికి ఇది తప్పనిసరి. వానాకాలంలో ఆ ఆర్‌సీసీబీ మాటిమాటికి పడిపోతుంటే దాన్ని తీసేసి నేరుగా కలపమని అడుగుతారు కొందరు. అది పడిపోతోందంటే మోటారులోనో కేబులులోనో చెమ్మ చేరి కరెంటు బయటికి కారుతోందని అర్థం కాబట్టి, వెతకవలసింది ఆ కారే చోటును.

ఇక స్విచ్చు నొక్కితే చప్పుడే లేదనుకుందాం. అదే సాకెట్టుకు వేరే సామాను పెట్టి చూడటం అందరికీ తెలిసిన పనే. టెస్టరు వెలిగింది కాబట్టి కరెంటు ఉందని తేల్చేయడం మాత్రం తప్పు. గాలివానకు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగినప్పుడు కూడా ఫేజులో టెస్టరు వెలుగుతూనే ఉంటుంది, మోటారు మాత్రం కదలదు. న్యూట్రల్ తెగిన త్రీ ఫేజు లైనులో ఒక ఇంటికి ఓల్టేజీ పడిపోయి పక్క ఇంటికి 300 దాటిపోవచ్చు. కాబట్టి మల్టీమీటరుతో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత ఉందో చూసి, 230కి దగ్గరగా ఉంటేనే బల్ల జోలికి వెళ్లాలి. సరఫరా బాగుంటే మోటారు మీదున్న ఓవర్‌లోడ్ బటను చూడాలి. వేడెక్కి పడిపోయిన బటను మోటారు చల్లారేదాకా నిలవదు కాబట్టి కాసేపు ఆగి నొక్కాలి. రెండోసారీ పడిపోతే మూడోసారి నొక్కకుండా కారణం వెతకాలి. తలకిందులుగా బిగించిన చేతి రంపమైతే, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయేమో చూడాలి.

మోటారు గుంయ్‌మని మూలుగుతూ తిరగకపోతే ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా ఆపేయాలి, ఎందుకంటే ఆ స్థితిలో వైండింగు (మోటారు లోపలి తీగ చుట్టలు) నిమిషాల్లో కాలిపోతుంది. కర్రతోనో చేత్తోనో బ్లేడును తిప్పి లేపడం మన దగ్గర కొందరికి అలవాటు. ఫ్యాను విషయంలో చెల్లిన ఆ చిట్కా రంపం దగ్గర వేళ్లు తీస్తుంది. ప్లగ్గు తీసి, చేతి తొడుగు వేసుకుని బ్లేడును మెల్లగా తిప్పితే, చెక్క ముక్క ఇరికిందో, తడికి బేరింగు పట్టేసిందో తెలుస్తుంది. బ్లేడు తేలిగ్గా తిరుగుతున్నా మోటారు లేవడం లేదంటే సింగిల్ ఫేజు మోటారులో అనుమానం మోటారును లేపే కండెన్సరు మీదికీ, వేగం అందుకోగానే దాన్ని విడదీసే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చు మీదికీ వెళ్లాలి. కండెన్సరు ప్లగ్గు తీసిన తర్వాత కూడా కరెంటు దాచుకుని ఉంటుంది కాబట్టి, దాన్ని బల్బు ద్వారా ఖాళీ చేయించకుండా తీగలు తాకకూడదు. తెలియకపోతే వైండింగ్ షాపువారికి వదిలేయడమే మేలు.

లోపం యంత్రంలో కాక ఓల్టేజీలో ఉండటం కూడా తరచు జరిగేదే. మోటారు లేచే బలం ఓల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, 230 బదులు 180 వస్తే మిగిలే బలం సుమారు 60 శాతమే. దానికి తోడు పొడవైన సన్నని ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే ఆ కాస్తా తీగలోనే పోతుంది. 2 హెచ్‌పీ మోటారుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి.

తుపాను తర్వాతి రోజులకు వేరే జాగ్రత్త కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కుప్పలుగా పడిపోయాయి, స్తంభాలు ఒరిగి ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి సమయంలో పడిన చెట్లను కోయించుకునే తొందర ఉంటుంది, అద్దె జనరేటర్లు దిగుతాయి. మోటారు లేచేటప్పుడు నడిచేటప్పటి కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి 2 కేవీఏ జనరేటరు 2 హెచ్‌పీ మోటారును లేపలేదు. అది మోటారు లోపమనుకుని విప్పదీయడం దండగ.

త్రీ ఫేజు బల్లలవారు లైన్లు సరిచేసిన తర్వాత రెండు విషయాలు చూడాలి. ఒక ఫేజు రాకపోతే మోటారు మూలుగుతుందే తప్ప లేవదు, స్టార్టరును పట్టుకుని బలవంతం చేస్తే కాలిపోతుంది. లైనుమెన్ తీగలు కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారైతే మోటారు చక్కగానే లేస్తుంది కాని బ్లేడు వెనక్కి తిరుగుతుంది. చెక్క లేకుండా, పక్కకు నిలబడి ఒక్క క్షణం వేసి ఆపితే తెలిసిపోతుంది. మన వైపున్న పళ్లు కిందికి దిగుతూ బల్లలోకి వెళ్లాలి. పైకి లేస్తుంటే అది ఉల్టా తిరుగుతున్నట్టే, బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదమూ ఉంది. ఎలక్ట్రీషియన్ ఏ రెండు ఫేజులైనా మార్చి కలిపితే సరిపోతుంది.

మోటారు నీట మునిగిన బల్లను, పైకి ఎంత ఆరినట్టు కనిపించినా, కరెంటు పెట్టి చూడకూడదు. విప్పి, మంచినీటితో బురద కడిగించి, వైండింగు ఆరబెట్టించి, 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) కొలిపించాలి. కనీసం 1 మెగోమ్ చూపకపోతే ఇంకా ఆరలేదని అర్థం. బేరింగులు కూడా మార్పించాలి. షాపుకు పంపేటప్పుడు స్టార్టరునూ కండెన్సరునూ మోటారుతో పాటే పంపడం మర్చిపోవద్దు, ఎందుకంటే నీళ్లు వాటిలోకి కూడా వెళ్లే ఉంటాయి.