జింకల వేటలో ట్రైల్ కెమెరా ఫొటోలు చూసే ముందు జాగ్రత్తలు

అమెరికాలో తెల్లతోక జింకల వేట నవంబరులో ఊపందుకుంటుంది. జంతువు కదలికను పసిగట్టి తనంతట తానే ఫొటో తీసే ట్రైల్ కెమెరాను వేటగాళ్లు ముందే అడవిలో అమర్చి ఉంచుతారు. దానిలోని మెమరీ కార్డును అడవిలోనే తీసి, ఫోనుకు తగిలించి ఫొటోలు చూసేవారు ముందుగా ఇవి సరిచూసుకోవాలి.

తుపాకీలోని తూటాలు తీసి, దాన్ని పక్కన పెట్టిన తర్వాతే ఫోను చేతిలోకి తీసుకోండి. చూపు తెర మీద నిలిచినప్పుడు గొట్టం ఎటు తిరిగిందో మనకు తెలియదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఇదే.

మీ రాష్ట్ర నిబంధనలు చదవండి. అరిజోనాలో 2022 జనవరి 1 నుంచి వేటకు ఈ కెమెరాల సాయం తీసుకోవడం నిషిద్ధం.

కార్డును ఫార్మాట్ చేయమంటారా అని ఫోను అడిగితే ఒప్పుకోకండి, వారాల ఫొటోలు పోతాయి. కార్డు అంచున ఉండే చిన్న మీటను లాక్ వైపు జరిపి చూడడం మేలే గానీ, తిరిగి కెమెరాలో పెట్టేటప్పుడు దాన్ని వెనక్కి జరపడం మరిస్తే ఆ తర్వాత ఒక్క ఫొటో కూడా నమోదు కాదు.

గాలి జింకలు పడుకునే పొదల వైపు వీస్తుంటే కెమెరా దగ్గరకు వెళ్లకండి. మనిషి వాసన పసిగట్టిన ముదురు మగ జింక పగటిపూట ఆ దారికి రావడం మానేయవచ్చు.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో వేసవి సమయం ముగిసి గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. కెమెరాలో సమయం మార్చకపోతే, ఫొటో మీద 7:10 అని కనిపించే జింక నిజానికి 6:10కే వచ్చి వెళ్లి ఉంటుంది.