జుదా: కొరియాకు బయల్దేరే ముందు ఈ ఒక్క క్రియతో జాగ్రత్త

కొరియా యూనివర్సిటీల్లో సెమిస్టర్లు మార్చి, సెప్టెంబర్ నెలల మొదట్లో మొదలవుతాయి. వెళ్లబోయేవాళ్లు పెట్టె సర్దుకునే వారంలో కొత్త మాటలు బట్టీ పట్టడం ఆపి, ‘జుదా’ను గట్టి చేసుకోవడం మేలు. అర్థం ‘ఇవ్వడం’, అంతే. చిక్కంతా వాడకంలో ఉంది.

రూపాలు మూడు చాలు: జ్వొయో (ఇస్తాను, ఇస్తాడు), జ్వొస్సొయో (ఇచ్చాను, ఇచ్చాడు), జుసెయో (ఇవ్వండి). కొట్లో ‘ముల్ హన్ బ్యొంగ్ జుసెయో’ అంటే నీళ్ల సీసా ఒకటి ఇవ్వండని. ముందు వస్తువు, తర్వాత లెక్క, ఆపైన సీసా, చివర క్రియ. మన అలవాటుకొద్దీ ‘ఒక సీసా నీళ్లు’ అని లెక్కను ముందుకు లాగకండి.

మాట మొదట్లో ‘జ’ మన జ అంత మోగదు, కాస్త చ వైపు ఒరుగుతుంది. గొంతు కింది స్థాయిలో మొదలవ్వాలి. గొంతు పైకెత్తి, ఊపిరి విసిరి పలికితే ‘ఛుసెయో’ అవుతుంది, అంటే నాట్యమాడండి. కొట్టువాడు సందర్భం చూసి నీళ్లే ఇస్తాడు లెండి.

అసలు గండం మర్యాద. తెలుగులో క్రియ ఇచ్చేవాళ్లను బట్టే మారుతుంది: తమ్ముడు ఇచ్చాడు, మాస్టారు ఇచ్చారు. పుచ్చుకునేది ఎవరైనా ‘ఇచ్చాను’ ఇచ్చానే. కొరియన్‌లో ఇచ్చేవాళ్లను బట్టి రూపం మారడమే కాదు, పుచ్చుకునేవాళ్లను బట్టి క్రియే మారిపోతుంది. ప్రొఫెసర్ ఇస్తే ‘క్యోసునిమ్‌కెసొ జుస్యొస్సొయో’. ప్రొఫెసర్‌కి మీరిస్తే ‘క్యోసునిమ్‌కె దుర్యొస్సొయో’. ఇది ‘దురిదా’ అనే వేరే క్రియ (‘దు’ అనేటప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టకుండా పక్కలకు సాగదీయాలి). మనకూ ‘సమర్పించు’ ఉంది కానీ దేవుడికీ సన్మానాలకీ దాచుకుంటాం. వాళ్లకు కప్పు కాఫీ అందించినా దురిదాయే.

ఇది నేర్చుకున్న ఉత్సాహంలో రెండు తప్పులు దొర్లుతాయి. తన గురించి చెప్పుకుంటూ ‘జుస్యొస్సొయో’ అనడం ఒకటి, అది ‘నేను ఇచ్చారు’ అన్నట్టుంటుంది. మర్యాద ఎక్కువై ‘జొహంతె దురిసెయో’ అనడం రెండోది. అది ‘నాకు సమర్పించుకోండి’ అన్నట్టే. మీరు పుచ్చుకునేటప్పుడు ఎదుట ఎంత పెద్దవాళ్లున్నా జుసెయోనే.

మరో క్రియ పక్కన చేరితే జుదా మన ‘పెట్టు’లా పనిచేస్తుంది. ‘స్సొ జుసెయో’ అంటే రాసిపెట్టండి, ‘దోవా జుసెయో’ అంటే సాయం చేసిపెట్టండి. పని మీకోసమైతేనే ఇది. ఎదుటివాళ్ల సుఖం కోరి కూర్చోమనడానికి ‘అంజుసెయో’ చాలు. ఇందులో వినిపించే ‘జు’ కూర్చోవడానిది, ఇవ్వడానిది కాదు. చెవి ఇక్కడ మోసపోతుంది.

‘నన్ను వెళ్లనివ్వండి’లోని ‘ఇవ్వు’ను నేరుగా దింపితే మాత్రం కొంప మునుగుతుంది. ‘గా జుసెయో’ అంటే మీరు వెళ్లండని అర్థం. ట్యాక్సీ డ్రైవర్‌తో ఊరి పేరు చెప్పి అనాల్సిన మాట అది, పార్ట్‌టైమ్ పనిలో యజమానితో అనాల్సింది కాదు. వెళ్లనివ్వమని అడగాలంటే ‘గాగె హె జుసెయో’.

కబురు మోసేటప్పుడు ఇంకో మెలిక. ‘మందు ఇవ్వమన్నాడు’ అంటే తెలుగులో తనకో, ఇంకొకరికో తేలదు. కొరియన్‌లో తనకే అయితే ‘యాగుల్ దల్లాగో హెస్సొయో’, వేరేవాళ్లకైతే ‘జురాగో హెస్సొయో’. తారుమారైతే మందు వేరే మనిషి చేతికి పోతుంది.

మాటతోపాటు చేయి కూడా సరిగా ఉండాలి. పెద్దవాళ్లకు ఇచ్చినా, వాళ్లనుంచి పుచ్చుకున్నా రెండు చేతులూ వాడాలి. ఒక చేతికే పని ఉంటే కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేతిని కుడి ముంజేతి కింద ఆనించాలి.