పాత కారులో ఆయిల్ కారుతుంటే ఇంటి దగ్గరే సరిచేసుకోవడం ఎలా?

కారు కింద నేల మీద నల్లటి చుక్కలు కనబడగానే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్ మార్పించడం మన వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో పాత కార్లు నడిపేవారు తరచుగా చేస్తున్న పొరపాటు. ఇంజన్ పైభాగంలో బయటికి వచ్చిన ఆయిల్ పక్కల వెంబడి జారి, బండి నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకి, చివరికి అన్నిటికంటే కింద ఉన్న చాంబర్ అంచు నుంచి రాలుతుంది. అందువల్ల చుక్క పడిన చోటును బట్టి ఆయిల్ ఎక్కడ పుట్టిందో నిర్ణయించకూడదు. 1983లో రోడ్డెక్కి 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800 మొదలుకొని ఆ తరం చిన్న కార్లన్నిటిలోనూ మొట్టమొదట అనుమానించవలసింది ఇంజన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్‌నే. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికి, దానికి తోడు మన ఎండలకు, ఆ రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది.

కావలసిన సామాను కొద్దిదే. పానాల సెట్టు, 10 నంబరు సాకెట్, వీలైతే ఎంత బిగువుగా తిప్పుతున్నామో చూపే చిన్న టార్క్ రెంచి, కొత్త ప్యాకింగ్, వేడిని తట్టుకునే సిలికాన్ ట్యూబు, కిరోసిన్ లేదా డీజిల్, ఒక బ్రష్షు, పాత పంచె గుడ్డలు ఉంటే చాలు. గ్యారేజీల్లో వాడే దూది వేస్టు మాత్రం ఈ పనికి వాడకూడదు, దాని పోగులు ఇంజన్‌లోకి పోతాయి.

ముందుగా చల్లారిన ఇంజన్‌ను డీజిల్, బ్రష్షులతో రుద్ది కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. కరెంటు భాగాలైన డిస్ట్రిబ్యూటర్ మీద, ఆల్టర్నేటర్ మీద ప్లాస్టిక్ సంచి కట్టడం మరవకండి. గ్రానైట్ లారీలు తిరిగే దారుల్లో నడిచే బండి అయితే ఆయిల్‌లో దుమ్ము కలిసి మందంగా పేరుకుని ఉంటుంది కాబట్టి రెండుసార్లు కడగవలసి రావచ్చు. ఆరిన తర్వాత అనుమానం ఉన్న అతుకుల వెంట ముఖానికి రాసుకునే పౌడరు పలుచగా చల్లి, ఇంజన్ స్టార్ట్ చేసి కొంతసేపు అలాగే నడవనివ్వాలి. ఫ్యాను, బెల్టుల దగ్గరికి చేయి పోనివ్వకుండా టార్చిలైటుతో చూస్తే, పౌడరు మొదట ఎక్కడ తడిసి నల్లబడిందో అదే ఆయిల్ పుట్టిన చోటు. ఈ పరీక్ష చేయకుండా ప్యాకింగులు మార్చేవారి డబ్బు వృథా అవుతుంది.

ట్యాపెట్ కవర్ దగ్గరే తడిసిందని తేలితే ఇంజన్ మళ్లీ చల్లారే దాకా ఆగి, అడ్డుగా ఉన్న గొట్టాలు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, బోల్టులు విప్పి, కవరును మెల్లగా పైకి లేపాలి. ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. పని పాడయ్యేది ఇక్కడి నుంచే.

పాత ప్యాకింగ్ ముక్కలను స్క్రూడ్రైవర్‌తో గీకవద్దు. సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేసింది, ఒక్క గీత పడినా ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆ గీతలోంచి ఆయిల్ వస్తూనే ఉంటుంది. చెక్క లేదా గట్టి ప్లాస్టిక్ ముక్కతో గీకి, పెట్రోల్ తడిపిన గుడ్డతో రెండు అంచులనూ జిడ్డు లేకుండా తుడవాలి. కవరు రేకుదైతే దాన్ని అద్దం పలక మీద బోర్లించి చూడండి. గతంలో ఎవరో అతిగా బిగించి ఉంటే బోల్టు రంధ్రాల చుట్టూ రేకు లోపలికి వంగి ఉంటుంది. చెక్క దిమ్మె మీద పెట్టి చిన్న సుత్తితో దాన్ని సమం చేయనిదే కొత్త ప్యాకింగ్ పెట్టకూడదు.

సిలికాన్ విషయంలో మరీ జాగ్రత్త అవసరం. రబ్బరు ప్యాకింగ్ పొడిగానే కూర్చోవాలి. అర్ధచంద్రాకారపు మలుపులు, రెండు లోహాలు కలిసే మూలలు ఉన్నచోట మాత్రమే పెసరగింజంత పెట్టాలి. చుట్టూ ధారాళంగా పూసే పద్ధతి మన దగ్గర చాలా గ్యారేజీల్లో కనబడుతుంది, అది పూర్తిగా తప్పు. బిగించినప్పుడు లోపలి వైపుకు పొంగిన సిలికాన్ కొన్నాళ్లకు ఊడి, ఆయిల్‌తో పాటు చాంబర్‌లోకి చేరి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడుతుంది. అప్పుడు పైన బేరింగులకు ఆయిల్ అందదు, చిన్న ప్యాకింగ్ దగ్గర మొదలైన ఖర్చు ఇంజన్ పని దాకా పోతుంది.

బిగించేటప్పుడు అన్ని బోల్టులనూ ముందు వేళ్లతోనే తిప్పి కూర్చోబెట్టి, తర్వాత నడిమి బోల్టుల నుంచి మొదలుపెట్టి ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. చిన్న కార్లలో ఈ బోల్టులకు చెప్పే బిగువు 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో, లేదా అంతకన్నా తక్కువే ఉంటుంది. మీ కారు మాన్యువల్‌లోని అంకెనే పాటించండి. టార్క్ రెంచి లేనివారు పొడుగు హ్యాండిల్ వాడకూడదు. ఆయిల్ ఆగలేదని ఇంకాస్త బిగిస్తే రబ్బరు నలిగి పక్కకు జారుతుంది, అల్యూమినియంలోని మరలు తెగుతాయి. సిలికాన్ పెట్టి ఉంటే మరుసటి ఉదయం వరకు ఇంజన్ స్టార్ట్ చేయవద్దు.

కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ తడుస్తోందంటే తప్పు ప్యాకింగ్‌ది కాకపోవచ్చు. ఇంజన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్ వైపు తీసుకుపోయే బ్రీదర్ గొట్టం, ఆ ఆవిరిని ఒకవైపుకే పోనిచ్చే పీసీవీ వాల్వు మసితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ను ఏదో ఒక అతుకు నుంచి బయటికి నెడుతుంది. గొట్టం తీసి కడగాలి. వాల్వు ఊపితే లోపల టకటకమని ఆడాలి, ఆడకపోతే కొత్తది వేయాలి. ఆయిల్ పోసే మూత తెరిచినప్పుడు పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు అనుమానించాలి, దానికి ఇంటి వైద్యం పనికిరాదు. లీకు ఆపుతాయని చెప్పి అమ్మే సీసాల ద్రవాలు రబ్బరును కొంతకాలం ఉబ్బిస్తాయే గాని పగుళ్లను అతికించలేవు, వాటిని కొనవద్దు.

పనిలో పనిగా ఆయిల్ కూడా మార్చండి. పాత కారుకు ఐదు వేల కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు మార్చడమే సరైనది, అంతకన్నా ఆగకూడదు. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎన్నడూ దూరవద్దు, స్టాండ్లు పెట్టాలి. పాత ఆయిల్ దించడానికి చాంబర్ అడుగున విప్పే డ్రెయిన్ నట్టుకు కొత్త వాషర్ వేయండి. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదని వేలితో తడిమి చూసి, కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ రాసి, రింగు ఆనిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిలే పోసి, ఇంజన్ కొన్ని నిమిషాలు నడిపి ఆపి, కొంతసేపు ఆగి ఆయిల్ మట్టం చూపే గేజీ కడ్డీ చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీత దాటించవద్దు.

తీసిన ఆయిల్‌ను మోరీలో పోస్తే అది చెరువులోకే పోతుంది. కొత్త ఆయిల్ డబ్బాలోకే వంపి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీలో ఇవ్వండి. వారం తర్వాత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కవరు అంచు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు మరక అంటితే బోల్టు మీద చేయి వేయకుండా, మళ్లీ పౌడరు పరీక్ష నుంచే మొదలుపెట్టాలి.