తాతల నాటి రివాల్వర్: పేల్చాలా, దాచాలా?

ఇంట్లో పాత రివాల్వర్ ఉందని తెలిస్తే చాలు, చుట్టాలు అడిగే మొదటి మాట "ఇంకా పేలుతుందా?" అని. చాలావరకు పేలుతుంది. పేల్చినప్పుడు లోపల ఒక చిన్న స్ప్రింగు విరిగితే అది మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని మాత్రం ఎవరూ అడగరు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. చెన్నై అంబత్తూరులో ఒక టూల్‌రూమ్‌లో కొలతలు చూసే పనిలో ఉండి రిటైరయ్యాను, ఆ అలవాటు పోలేదు. కావలి నుంచి నాన్నగారి ద్వారా మా ఇంటికొచ్చింది స్మిత్ అండ్ వెస్సన్ .32 హ్యాండ్ ఎజెక్టర్. మా మామగారింట్లో ఉన్నది వెబ్లీ మార్క్ 6, .455. మొదటిదాన్ని అప్పుడప్పుడు రేంజికి తీసుకెళ్తాను. రెండోదాన్ని పేల్చే ఆలోచనే పెట్టుకోవద్దని మామగారికి చెప్పేశాను.

ముందు కాగితాలు చూసుకోండి. లైసెన్స్ పెద్దాయన పేరు మీద ఉండి, ఆయన పోయి, తుపాకీ ఇంకా బీరువాలోనే ఉంటే పేల్చడం మాట అటుంచి, అది మీ దగ్గర ఉండటమే నేరం. పోలీస్ స్టేషన్లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, వారసులుగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం పెద్దాయన బతికుండగానే, ఆయనకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా, వారసుడికి మార్చుకునే వీలుంది. ఆయన ఓపికగా కూర్చుని సంతకం పెట్టగలిగినప్పుడే ఆ పని కానిచ్చుకోవడం నయం. చెన్నైలో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసు చుట్టూ తిరగాలి. 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, వారసత్వంగా వచ్చింది కూడా ఆ రెండింట్లోనే లెక్క.

తర్వాత బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు. .455 నిషిద్ధ బోరు, దాని లైసెన్స్ వ్యవహారమంతా ఢిల్లీలో హోంశాఖది. పైగా ఆ తూటా ఇక్కడ ఏ షాపులోనూ దొరకదు. అంటే మార్క్ 6 విషయంలో సగం తీర్పు తుపాకీ చేతిలోకి తీసుకోకముందే వచ్చేసింది. .32 అలా కాదు, మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలే తూటాలు తయారు చేస్తున్నాయి.

అయితే ".32" అన్న ఒక్క ముక్క పట్టుకుని తూటాలు కొనకండి. బ్యారెల్ మీద ఏం చెక్కి ఉందో భూతద్దం పెట్టి చదవండి. మాదాని మీద '32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్' అని ఉంది. 1878లో వచ్చిన పొట్టి .32 ఎస్ అండ్ డబ్ల్యూ వేరు, 1896 నాటి లాంగ్ వేరు. పొట్టి తూటా లాంగ్ గదిలో, అంటే సిలిండర్‌లో లాంగ్ తూటా కూర్చునే రంధ్రంలో, సరిపోతుంది కానీ, పొట్టిదాని కోసం చేసిన తుపాకీకి లాంగ్ తూటా పనికిరాదు. అంతకంటే ప్రమాదం .32 పిస్టల్ తూటా, అంటే 7.65 మిల్లీమీటర్లది. అది రివాల్వర్ గదిలో కూర్చుంటుంది, పేలుతుంది కూడా. కానీ దాని ఒత్తిడి ఎక్కువ. పాత సిలిండర్ తట్టుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు? కౌంటర్ దగ్గర డబ్బా మీద 'రివాల్వర్' అని ఉందో 'పిస్టల్' అని ఉందో చూడకుండా డబ్బు కట్టకండి. బీరువాలో తాతగారు వదిలివెళ్ళిన పాత తూటాలుంటే వాటినీ వాడొద్దు. మందు బలం తగ్గిపోయి గుండు బ్యారెల్లో మధ్యలోనే ఆగిపోతే, వెనకే ఇంకో తూటా పేలిస్తే, గొట్టం ఉబ్బిపోతుంది.

వెబ్లీలా ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో తయారైన తుపాకీ అయితే పరీక్ష ముద్రలు వెతకండి. 1904 నుంచి 1954 దాకా అక్కడి ప్రూఫ్ హౌస్ పొగరాని మందుతో పరీక్షించినవాటికి కిరీటం కింద 'ఎన్‌పీ' అని గుద్దేది. ఆ ముద్ర లేని, అంతకంటే పాత రివాల్వర్‌ను నేటి తూటాతో పేల్చే మాట మరిచిపోండి.

ఇక చేతిలోకి తీసుకుందాం. సిలిండర్ తెరిచి, ప్రతి గదీ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి చూశాకే మిగతా పని. పరీక్ష పేరుతో ఊరికే ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చోవద్దు. పాతవాటిలో హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే తూటా మీద కొట్టే సుత్తి) కొసకే సూది ఉంటుంది, అది విరిగేది ఇలాగే. డమ్మీ తూటాలు పెట్టుకోండి.

హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ చివరిదాకా వచ్చి నిలిచేలోపు సిలిండర్ 'టక్'మని తాళం పడాలి. గది గదికీ విడిగా చూడాలి. ఆరింట్లో ఐదు బాగుండి ఒకటి ఆలస్యంగా పడే తుపాకులు చూశాను. ఆ ఒక్క గదిలో గుండు బ్యారెల్‌కి సూటిగా కాకుండా అంచుకి తగిలి, సీసం పక్కకి చిమ్ముతుంది. హ్యామర్ ఎత్తి ఉన్నప్పుడు వెనకనుంచి బొటనవేలితో ముందుకు తోసి చూడండి. జారి పడిపోతే అది గన్‌స్మిత్ దగ్గరికే, రేంజికి కాదు.

సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు కొలవడానికి ఫీలర్ గేజ్ చాలు. బైకు ట్యాపెట్లు సరిచేసే ఆ పలకల కట్ట చెన్నై పుదుపేటలో ఏ షాపులోనైనా దొరుకుతుంది. 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్య ఉంటే నాకు టెన్షన్ లేదు. 0.25 దాటితే నేను పేల్చను. సిలిండర్‌ను వెనక్కి తోసి ఒకసారి, ముందుకు తోసి ఒకసారి కొలవండి. రెండు లెక్కల మధ్య తేడా ఎక్కువుంటే సిలిండర్ ముందువెనకలకు ఆడుతోందన్నమాట. వెబ్లీలా నడుం విరిచి తెరిచే రకమైతే పైన కొక్కెం వేశాక బ్యారెల్ పట్టుకుని ఊపండి. కదిలితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

బ్యారెల్లోకి వెనకనుంచి టార్చి వేసి చూస్తే, అక్కడక్కడా తుప్పు తిన్న గుంటలు కనిపించినా భయం లేదు. నల్లటి ఉంగరంలా చుట్టూ నీడ కనిపిస్తే గొట్టం అక్కడ ఉబ్బినట్టే. ఇవన్నీ మీరు చూసుకున్నా, లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ ఒకసారి చూడాల్సిందే. విప్పి రిపేరు చేసే పని ఇంట్లో పెట్టుకుంటే చట్టం ఊరుకోదు.

అన్నీ బాగున్నా కొన్నిటిని పేల్చకూడదు. పాత స్మిత్ అండ్ వెస్సన్‌లో పిడి అడుగున, సిలిండర్ వెనక, బ్యారెల్ కింద ఒకే నంబరు ఉంటుంది. మూడూ కలిసి, నల్లపూత ఫ్యాక్టరీలో వేసినదే మిగిలి ఉంటే అలాంటిదాన్ని పాడుచేసే హక్కు మనకు లేదంటాను. మాదానికి ఎవరో ఎప్పుడో మళ్ళీ పాలిష్ పట్టి పూత వేయించారు, అంచులన్నీ గుండ్రంగా అరిగిపోయాయి, అక్షరాలు సగం మాసిపోయాయి. పాత తుపాకులు సేకరించేవాళ్ళ లెక్కలో దానికి విలువ లేదు. యంత్రం మాత్రం భేషుగ్గా ఉంది. కాబట్టి దాన్ని పేలుస్తాను. మామగారిది 1917లో తయారైంది, పూత చెక్కుచెదరలేదు, ఆ బర్మింగ్‌హామ్ అక్షరాలు ఇప్పుడే గుద్దినట్టున్నాయి. తూటా దొరికినా నేను పేల్చనివ్వను. మా బావమరిదికి ఈ మాట నచ్చలేదు, నచ్చాల్సిన పనీ లేదు.

పేల్చేదాన్ని కూడా లైసెన్స్ ఉన్న రేంజిలోనే పేల్చండి. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ తప్పవు. రేంజికి వెళ్ళినప్పుడు ఒక డజను తూటాలకు మించి నేను కాల్చను, డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ ఎత్తకుండా ట్రిగ్గర్ ఒక్కటే లాగి, గబగబా కాల్చను. పెళ్ళిళ్ళలో "ఒక్కసారి పేల్చు మావా" అనేవాళ్ళకు ఒకటే జవాబు: 2019 నుంచి వేడుకల్లో కాల్పులకు రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

దాచేదానికి చెన్నైలో శత్రువు ఉప్పుగాలి. తోలు ఒరలో పెట్టి దాచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. తోలు చెమ్మ పీలుస్తుంది, దాన్ని పదును చేయడానికి వాడిన రసాయనాలు ఇనుముకు పడవు. ఒరను పక్కన విడిగా ఉంచండి. కొబ్బరినూనె రాసే పాత అలవాటూ వద్దు, అది గట్టిపడి జిగురవుతుంది. లోపలి భాగాలకు పలుచగా గన్ ఆయిల్, బయట మైక్రోక్రిస్టలైన్ మైనం రాసి, టూల్‌రూమ్‌లో గేజ్ బ్లాకులు (కొలతలు సరిచూసే ఉక్కు దిమ్మెలు) దాచినట్టే వీసీఐ కాగితంలో (తుప్పు పట్టనివ్వని ఆవిరి వదిలే కాగితం) చుట్టి, సిలికా జెల్ సంచితో గాలిపోని డబ్బాలో పెట్టండి. రంగు మారే సిలికా జెల్ కొనండి, నీలం గులాబీ రంగుకి తిరిగితే ఆరబెట్టే టైమైందని అర్థం. ఎప్పుడు తీసినా నూలు గ్లవ్స్ వేసుకోండి; మే నెలలో చెమట చేత్తో పట్టుకుంటే వేలిముద్ర అలాగే తుప్పుగా మిగులుతుంది. వెబ్లీ నల్లపిడి వల్కనైట్‌ది, ఎండ తగిలితే గోధుమరంగుకి మారుతుంది. డబ్బా తాళంలో ఉండాలి, తూటాలు మరో తాళంలో.

ఇంకొక్క జాగ్రత్త. ఎన్నికల కోడ్ వస్తే తుపాకీ డిపాజిట్ చేయమని కబురు రావచ్చు. స్టేషన్ గదిలో అది ఎన్ని వారాలుంటుందో మన చేతిలో లేదు. ఇచ్చేముందు నూనె కాస్త ఎక్కువే పట్టించి, వీసీఐ కాగితంలో చుట్టి, అన్ని పక్కలా ఫొటోలు తీసుకోండి. రసీదులో మోడల్, బోరు, సీరియల్ నంబర్ మూడూ రాయించుకుని, అక్కడే నిలబడి నంబరు సరిపోల్చుకుని మరీ బయటికి రండి.